కారిడార్లో అన్న మాట

2 జూలై 2025, బుధవారం, బాన్సువాడ

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టర్ మంజులత ఫోన్ చేశారు. అక్కడ చివరి ఏడాది పిల్లలకు కొత్త క్లాసు. వైద్యంలో తప్పు జరిగితే ఇంటివాళ్ల ముందు ఎలా ఒప్పుకోవాలి, క్షమాపణ ఎలా చెప్పాలి అన్నది పాఠం. నష్టపోయినవాళ్లు ఒకరు ఎదురుగా కూర్చోవాలట. నన్ను రమ్మన్నారు. మా అత్తమ్మ గంగమ్మను అడగండి అన్నాను.

వాస్తవాలు ఇవి. నా భార్య శ్రీలత 2022 మార్చిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఖాళీ కడుపుతో ఉండాల్సిన పొద్దున వాళ్లమ్మ ఛాయ్ తాగించింది, అందుకే ప్రాణం పోయింది అని డాక్టర్ చెప్పాడు. ఇరవై ఏళ్లుగా విలేకరిని. ఇంకొకరిని అడగలేదు. కారిడార్లో అందరి ముందు అత్తమ్మతో, నీ బిడ్డను నువ్వే చంపుకున్నవ్ అన్నాను.

ఏడాదికి కేస్ షీట్ దొరికింది. శ్రీలతకు పడదని రాసి ఉన్న ఇంజక్షనే ఇచ్చారు. అత్తమ్మకు చదివి వినిపించాను. నేనన్న మాట ఊసు మాత్రం నేను ఎత్తలేదు.

3 జూలై

గా పోరగాండ్లకు నేనేం నేర్పుత, బీడీలు చుట్టుడా అంది అత్తమ్మ. వస్తానంది.

9 జూలై, బుధవారం

క్లాసులో అత్తమ్మ ముందు ఆ డాక్టరు పాత్రలో మొదట లేచిన కుర్రాడు, అనుకోకుండా కాంప్లికేషన్ వచ్చిందమ్మా అన్నాడు. ఏం చెప్తుండు గీ సారు అని అత్తమ్మ నన్నడిగింది. మంజులత అతణ్ని ఆపారు. ఏం చేశారో చెప్పు, ఎవరు చేశారో చెప్పు, తర్వాత ఊరుకో అన్నారు.

తర్వాత సహజ అనే అమ్మాయి. ఇవ్వకూడని ఇంజక్షన్ ఇచ్చాం, మీ అమ్మాయి దానివల్లే చనిపోయింది, ఛాయ్ వల్ల కాదు, నింద మీ మీదికి నెట్టాం, క్షమించండి అంది. ఇంకేమీ అనలేదు.

అత్తమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. అప్పటికి నువ్వు గీ తెల్లకోటు గూడ తొడగలేదేమో బిడ్డా, నువ్వేం జేసినవ్, అన్నోళ్లు వేరే ఉన్నరు అంది.



10 జూలై, ఉదయం 7

అత్తమ్మకు చెప్పాను. కనుక్కోకుండా అన్నాను, నిజం తెలిశాక కూడా రెండేళ్లు నోరు విప్పలేదు, తప్పు నాది అన్నాను.

ఆమె చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. దవాఖాన్ల అందరి ముంగట అంటివి, ఇప్పుడు ఇంట్ల కూసొని చెవుల చెప్తున్నవా అల్లుడా అంది. గా దినం నుంచి బీడీల కార్ఖానా కాడ ఆడోళ్లు నేను పోతే బిడ్డల ముచ్చట ఆపేస్తరు అంది.

పేపర్లో నింద మొదటి పేజీలో వేస్తాం. సవరణ లోపలెక్కడో నాలుగు లైన్లు.

12 జూలై, శనివారం

బీడీలు అప్పజెప్పే వేళకు కార్ఖానా దగ్గరికి వెళ్లి, శ్రీలత పోయింది ఇంజక్షన్ వల్ల, అత్తమ్మను నిందించిన తప్పు నాది అని చెప్పాను. లైనులో నిలబడ్డ పదిహేడు మంది ఆడవాళ్లు విన్నారు. లైను కదిలింది. అత్తమ్మ గంప ఎత్తుకుని ఒక అడుగు ముందుకు జరిగింది.