కానుగ చెట్టుకు స్నానం

బావా,

ఇళ్లలోంచి చూస్తే పచ్చదనం ఎంత కనిపిస్తుందో కొలిచే అమ్మాయి ఇవాళ మన వన్‌టౌన్ వీధికొచ్చింది. నువ్వు పోయాక మూసేసిన వంటింటి కిటికీని ఆమె కోసం తెరిచాను. ఫోటో తీసి చూసుకుని, "మిగతా చెట్లన్నీ పోర్టు బొగ్గుపొడికి నల్లబడి గోడల్లో కలిసిపోతన్నాయి ఆంటీ. మీ కానుగ ఒక్కటే పచ్చగా వచ్చింది" అంది.

నాకు అర్థం కాలేదు. ఆదివారాలు పైపు పట్టుకుని ఆ ఆకులు కడగడానికి నువ్వు లేవు కదా.

ఎదురింటి అప్పలరాజును అడిగాను. చెట్టుకు స్నానమేంటని నిన్ను చూసి నవ్వినవాడే. "నానే కడగతన్నానక్కా. ఆయన లేడని సెట్టుకి తానం మానిపించేత్తామేటి?" అన్నాడు.

దండం పెట్టబోతే, కాఫీ ఇమ్మన్నాడు. ఆ కిటికీ దగ్గరే నిలబడి కలిపాను. ఇక దాన్ని మూయను.