మా అమ్మ తలుపు తీసిన నెల

అబ్దెన్నూర్ గారికి,

మా ఇంట్లో జరిగింది రాసిన నా కథను మీరు సినిమాగా తీశారని సంతోషించాను, చూసేదాకా.

కథలో హంతకులు రంజాన్‌లో, ఉపవాసం విడిచే వేళకు మా తలుపు తట్టారు. ఆ వేళ ఎవరు తట్టినా మా ఊళ్లో ఎవరని అడగరు, ఇంకో గిన్నె పెడతారు. అందుకే అమ్మ తీసింది. ఆమె వాళ్లకు షోర్బా సూపు పోస్తుండగానే నాన్న గొంతు కోశారు.

మీరు సినిమాలో దాన్ని రంజాన్ పండగ వెళ్లాక వచ్చే నెలకు మార్చారు. అలాంటి ఆనవాయితీ ఏదీ లేని మామూలు రోజున మా అమ్మ హంతకులకు గడియ తీసిందన్నమాట!

నిన్న వీధిలో కుర్రాళ్లు రాయి విసిరి ఆమె కన్ను పోగొట్టారు. "మొగుణ్ణి అప్పగించి ఇంకా బతికున్నావేమే ముసలీ?" అన్నారు. నాన్న పోయేనాటికి వాళ్లు పుట్టనైనా లేదు. వాళ్లకు తెలిసింది మీ సినిమానే.

ఎల్లుండి నుంచి రంజాన్. అమ్మ ఇంకో గిన్నె పెడుతుంది. దమ్ముంటే ఆ వేళకు వచ్చి తట్టండి. ఆమె ఎవరని అడగదు.

తలుపు తీసేది మాత్రం నేను.