మెడకు చుట్టుకున్న ప్రమోషన్

నేపర్‌విల్ డాక్టర్ బావగారికి నమస్కారములు. తల వంచడం ప్రస్తుతం క్షేమం కాదు కనుక చేతులతోనే.

షికాగోలోని మా ప్రకటనల కంపెనీవారు, అన్ని రంగులవాళ్ళకూ ఉద్యోగాలిస్తున్నామని చూపించుకోవడానికి నన్ను పెట్టుకున్నారు. సోమవారం సబ్బుపొడి కంపెనీవాళ్ళు వస్తే, "జస్ట్ కూర్చో, మాట్లాడకు" అన్నాడు బాస్. కూర్చున్నాను. మావాళ్ళు చూపించిన ప్రకటనలో నల్లజాతి పనిమనిషి ఇకిలిస్తూ దొరసాని బట్టలు ఉతుకుతోంది. "ఓకేనా?" అని సబ్బువాళ్ళు నన్నే అడిగారు. నేను మన పద్ధతిలో, ఏదో కానివ్వండి అన్నట్టు, తల అటూ ఇటూ ఊపాను. ఇక్కడ దాని అర్థం "వద్దు" అని మరిచిపోయాను. ప్రకటన రద్దయింది! నా ధైర్యానికి మెచ్చి, మైనారిటీ వ్యవహారాల సలహాదారును చేశారు.

ఆ ప్రకటన వద్దని మొదటినుంచీ మొత్తుకున్నది మా ఆఫీసులోని నల్లజాతి అమ్మాయి లొరెయిన్. పదవి ఆవిడకు రావలసింది. "నా నోటికి లేని పవర్ నీ మెడకుంది, మిస్టర్ అడ్వైజర్" అంది. నవ్వలేదు.

వచ్చే వారం మరో ప్రకటన చూపిస్తారు. సలహాదారు హోదాలో లొరెయిన్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటాను. మెడ విరిగినవాళ్ళకు మీరు బిగించే పట్టీ ఒకటి వెంటనే పంపండి. నా తల కదలకపోతే, గతిలేక ఆవిణ్ణి అడుగుతారు.

ఇట్లు,
మీ బావమరిది