ఇంటి కారు

బెజవాడ,
18-3-1974

చిరంజీవి కరుణమ్మకు, ప్రభువు నిన్నూ పిల్లల్నీ కాయును గాక.

ఇంటికని తెచ్చిన మూడో కారు కూడా మా తమ్ముడు బేరం రాగానే అమ్మేశాడని అలిగి ఉయ్యూరు పుట్టింటికి వెళ్లావు. నీ కోపం న్యాయమే. కార్ల వ్యాపారి పిల్లలు రిక్షాలో బడికెళ్లడమేమిటి? వాడు ఎండనక వాననక తిరిగేది మీ కోసమే, కానీ బేరం కనబడితే ఇల్లు కనబడదు. నేను ప్రార్థన మానలేదు.

నిన్న ఆరాధన అయ్యాక, గన్నవరం ఆసామి ఒకాయన తమ్ముడు మళ్లీ ఇంటికని తెచ్చిన ఫియట్ చుట్టూ తిరిగి, "ఎంతకిస్తావు దేవదానం? ఇప్పుడే తీసుకుపోతా" అన్నాడు.

తమ్ముడు తాళాలు జేబులో వేసుకున్నాడు. "ఇది మా ఆవిడ కారండీ. ఉయ్యూరెళ్లి ఆవిణ్ణే అడగండి. కోపంగా ఉంది, జాగ్రత్త!"

నా మనసు తేలికపడిందమ్మా. శనివారం ఆ కారులోనే వస్తున్నాడు. అనాల్సిన నాలుగు మాటలూ అని, ముందు సీట్లో కూర్చో.

మీ వదిన