కరవని చెప్పులు

అమ్మడికి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మీ అమ్మ క్షేమం. మోకాలు సతాయిస్తోంది గానీ నోరు బాగానే ఉంది. నేను నీళ్లు పోసే మొక్కల నర్సరీలో కుక్క కూడా క్షేమం, దాని సంగతి తర్వాత రాస్తాను. నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు "నాన్నా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఆ తర్వాత ఫోన్ అమ్మ చేతిలో ఉంటుంది. ఉత్తరమైతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు.

వంటింటి కిటికీ రెక్క బాగు చేయించావా అని అడిగావు. చేయించాను. ఇప్పుడు చక్కగా మూసుకుంటుంది, తెరుచుకోదు. నన్నూ వడ్రంగినీ కలిపి మీ అమ్మ తిడుతోంది.

ఇక మీ ఫ్యాక్టరీ నుంచి నువ్వు పంపిన చెప్పుల సంగతి. పట్టీ మడమ దగ్గర ఒరుసుకుంటోందా అన్నావు. లేదు. బకిల్ చీలమండ ఎముకకి గుచ్చుకుంటోందా అన్నావు. అదీ లేదు. వేళ్ల మీద అడ్డంగా వచ్చే పట్టీ తడిస్తే సాగుతుందా అని మీ సూపర్‌వైజర్ కనుక్కోమన్నాడట కదా. తడిస్తే కొంచెం సాగుతుంది, ఎండితే మళ్లీ మామూలే. పొద్దంతా పైపు పట్టుకుని తడిలో ఉండేవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. నాచు పట్టిన సిమెంటు మీద కూడా అడుగు జారలేదు. నీ కుట్టు ఒక్క పోగు ఊడలేదు. ఈ పట్టీలు మా అమ్మాయే కుట్టిందని నర్సరీలో అందరికీ చెప్పాను. అందరికీ అంటే ఇద్దరికి.

ఆ ఇద్దరిలో ఒకడు కుండీల్లో మట్టి నింపేవాడు. పని నింపాదిగా చేస్తాడని వాణ్ణి నత్త అంటాం. మొదటి రోజే నా కాళ్ల వంక చూసి, "ఏంటన్నా, కొత్త చెప్పులు కరవట్లేదా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"కసరని అత్తయినా దొరుకుతుందేమో గానీ, కరవని కొత్త చెప్పు ఉండదన్నా. మళ్లీ చూసుకో."

చూసుకున్నాను. కరవలేదు. మురిసిపోయాను. వేసుకోగానే కాలికి అమరిపోయాయని నీకు రాశాను. తర్వాతి ఉత్తరంలోనూ అదే రాశాను. అబద్ధం రాయలేదమ్మడూ. నాకు అలాగే ఉంది.

చలికి బూట్లు పంపిస్తాను, ఇద్దరి పాదాలూ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపండి అని రాశావు. అమ్మది నేను గీశాను. చక్కిలిగింతలని కాలు లాగేసుకుంది, "మెల్లగా గియ్యవయ్యా, కాలా, కట్టెముక్కా" అని కసిరింది. బొటనవేలి దగ్గర ఆ వంకర అందుకే. నాది చివర చెబుతాను.

పైన అందరి క్షేమమూ రాసి నా మాట రాయలేదని నువ్వు కనిపెట్టే ఉంటావు. అమ్మ ఫోన్‌లో చెప్పేస్తానంది. వద్దు, నేనే రాస్తానని ఆపాను.

నా పాదాలు మొద్దుబారి చాలా కాలమైంది. షుగర్ ఉన్నవాళ్లకి మామూలే అనుకున్నాను. దూది మీద నడిచినట్టు ఉండేది. పాత చెప్పు దారిలో ఎక్కడ ఊడిపోయేదో తెలిసేది కాదు, ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చేవాణ్ణి. మీరంతా మతిమరుపు అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ముసలివాడికి మతిమరుపు ఉంటే ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్లరు కదా. చెప్పులు పోగొట్టుకుంటున్నాననే నువ్వు ఊడిపోనివి చూసి, పట్టీల చెప్పులు పంపావు.

రెండో బెజ్జానికి పెట్టుకో నాన్నా, పట్టీ కింద వేలు దూరేంత సందు ఉండాలి అని రాశావు. అలాగే పెట్టాను. కాలికి ఏమీ ఉన్నట్టు అనిపించలేదు. ఒక బెజ్జం బిగించాను. లోపల ఎక్కడో కొంచెం తెలిసింది. ఆ తెలియడం బాగుంది. ఇంకొకటి బిగించాను. బెజ్జాలు అయిపోయాక మేకు కాల్చి కొత్తది పొడిచాను. అప్పటికి చెప్పు ఉందని తెలిసింది. కాలికి అమరిపోయాయని నీకు రాసింది దాన్నే.

ఒకనాడు పొద్దున్నే నీళ్లు పోయడం అయ్యాక, నర్సరీ అమ్మగారి గదిలో తాళాలు పెట్టడానికి వెళ్లాను. తెల్లటి టైల్స్ మీద ఎర్రగా మరకలు కనిపించాయి. కుక్కకి గాజుపెంకు గుచ్చుకుందనుకున్నాను. దాన్ని పట్టుకుని కూర్చోబెట్టి ఒక్కో కాలూ ఎత్తి చూశాను. కాళ్లన్నీ బాగానే ఉన్నాయి. అది నా చెయ్యి నాకుతోంది. మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను.

అమ్మగారు కుర్చీలోంచి లేచింది. "తాతా, కుక్కని వదిలెయ్. నీ వెనక చూడు" అంది.

చూశాను. నేను గుమ్మం నుంచి కుక్క దాకా నడిచిన దారి పొడుగునా ఆ మరకలే.

చెప్పు విప్పితే లోపల కుండీ పెంకు. పట్టీల సందుల్లోంచి రాళ్లూ పెంకులూ దూరడం మామూలే, ఎవరైనా కాలు విదిలిస్తే పడిపోతాయి. విదిలించాలని నాకు తెలియాలి కదా. అది అరికాల్లోకి దిగిపోయి ఎన్నాళ్లయిందో. పట్టీ కింద చర్మం తెగి నల్లబడి ఉంది. నొప్పి లేదు. అమ్మగారు కేకేస్తే వచ్చిన నత్త మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నీకన్నా చిన్నది. కళ్లు మూసుకో తాతా, పాదం మీద దారంతో తాకుతాను, తాకినప్పుడల్లా చెప్పు అంది. కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఎదురుచూశాను. చివరికి, "ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాను.

"అయిపోయింది తాతా" అంది.

మీ అమ్మ అక్కడే ఉంది. ఇంటికి వచ్చాక అంది, "నీకు తెలియకపోతే నన్ను చూడమనొచ్చు కదయ్యా. నా కళ్లేం పోయాయి?" కాళ్లు చూపించడానికి సిగ్గేసింది, అంతే.

ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేస్తారు. వేళ్లతో పోతుందనుకున్నాను. చీము ఎముకలోకి వెళ్లిందట. మొదట వద్దన్నాను. కాలు ఉంచితే మనిషివి ఉండవు అంది డాక్టరమ్మ. సరే అన్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది.

చెప్పులు కూడా పట్టుకెళ్లి చూపించాను. చెప్పులు మంచివే, ఇంత బిగుతుగా ఎందుకు పెట్టావు అని అడిగింది. ఆవిడకి చెప్పలేదు. నీకే పైన రాశాను. నీ చెప్పుల వల్ల కాదు. నువ్వు రెండో బెజ్జం అన్నావు. కొత్త బెజ్జం నేను పొడిచింది. పనిలో కూర్చుని పట్టీ పట్టీకీ అదే తలుచుకుంటూ సూది కింద చెయ్యి పెట్టుకోకు.

ఇప్పుడు మీ అమ్మ రోజూ కుడికాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందుల్లో కూడా చూస్తోంది. నేను గోడ వంక చూస్తాను.

రమ్మని ఎప్పుడూ ఎవరినీ అడిగినవాణ్ణి కాను. నీకు సెలవు దొరకడం కష్టమనీ తెలుసు. రావద్దు అని రాసి కొట్టేశాను, కనిపిస్తూనే ఉంటుంది. వీలు చూసుకుని రా.

నా పాదాలు గీసిన కాగితాలు రెండూ ఇందులో ఉన్నాయి. కట్టు మార్చేటప్పుడు నర్సును కాసేపు ఆగమని, అమ్మ చేత గీయించాను. కుడిది బూటు కొలతకి. బూటు ఒక్కటి చాలు. ఎడమ దాని మీద మరక మందుది, భయపడకు. అది కొలతకి కాదు. నీకు నడక రానప్పుడు నా పాదాల మీద నీ పాదాలు పెట్టించి, చేతులు పట్టుకుని నడిపించేవాణ్ణి. నువ్వు బరువంతా ఎడమ దాని మీదే వేసేదానివి. అది నాకు బాగా తెలిసేది.

ఇట్లు,
మీ నాన్న