రూతు సోమరి కాదు నాయనా

నంద్యాల,
ఆదివారం

నాయనకు నీ పెద్దకూతురు మార్త వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి, అమ్మ దగ్గు ఎలా ఉన్నాయి? ఫోన్లో అయితే సగంలోనే పెట్టేస్తావని రాస్తున్నాను. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

ఆళ్లగడ్డ వదిలి వచ్చామన్న మాటే గానీ ఎండ ఇక్కడా అంతే. బట్టల షాపులో పొద్దంతా నిలబడాలి, కాళ్లు పీకేస్తాయి. పక్కింటావిడ పేరు కూడా ఇంకా తెలియదు. అమ్మ చేతి వంట తలచుకుంటే ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాం, దిగులు పడొద్దు. చెనిక్కాయల పొడి మాత్రం కొట్టి పంపమను.

ఇక అసలు సంగతి. నీ మనవరాలు రూతును తొమ్మిదో తరగతితో బడి మాన్పించి నీ దగ్గరికి పంపమన్నావు, మిషను కుట్టడం నేర్పిస్తానన్నావు. పంపను.

"చర్చిలో కీర్తనలు గడగడా చదువుతాది, బడి పుస్తకం తీస్తే నోరు పడిపోతాదా? ఒట్టి సోమరిది" అని నువ్వంటే మేమూ నమ్మాం. మొన్న ఇక్కడ సైకాలజిస్టు మేడమ్‌ దగ్గర పరీక్షలు చేయించాను. రంగు దిమ్మెలు పేర్చమంటే చకచకా పేర్చింది. కథ విని తిరిగి చెప్పమంటే ఒక్క ముక్క పోకుండా చెప్పింది. తర్వాత ఏ అర్థమూ లేని మాటలు రాసిన కాగితం ఇచ్చి చదవమంది. అంతే, పిల్లకు చెమటలు పట్టాయి. ఒక్క మాటా కూడబలుక్కోలేకపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. చర్చిలో అది చదవడం లేదు నాయనా. శనివారం నువ్వు పైకి చదువుకుంటుంటే విని పట్టేసి, ఆదివారం బైబిలు తెరిచి పట్టుకుని అప్పజెప్పేది. మనమంతా ఆమెన్‌ అన్నాం.

కళ్లు, చెవులు కూడా చూపించాకే మేడమ్‌ డిస్‌లెక్సియా అని తేల్చింది. తెలివికేం లోటు లేదట, అక్షరాలు పట్టుబడటమే కష్టమట. వేరే పద్ధతిలో నేర్పుతారట, పదో తరగతి పరీక్షల్లో ఎక్కువ టైము అడగొచ్చట.

బయటికొచ్చాక రూతు నా చెయ్యి పట్టుకుని, "మా, అయితే నేను సోమరిదాన్ని కాదా? తాతకు ఎవురు చెప్తారు?" అంది. నేను చెప్తాలే అన్నాను.

దాన్ని తీసుకురమ్మని తమ్ముణ్ణి పంపొద్దు. పంపినా అన్నం తిని ఒక్కడే బస్సెక్కుతాడు. పిల్లకు పిచ్చంట అని సంఘంలో ఎవరైనా నోరు జారితే నా నంబరు ఇవ్వు, జవాబు నేను చెప్తాను.

అమ్మకు, సంఘ పెద్దలకు వందనాలు చెప్పు. మాకోసం ప్రార్థన చెయ్యి. రూతు సోషల్‌ పుస్తకం ఇంకొకటి కొని ఈ కవరులోనే పెట్టాను. అందిన సాయంత్రమే ఫోన్‌ చేసి మొదటి పాఠం దానికి చదివి వినిపించు. సోమరిది అన్న ఆ నోటితోనే.

నీ మొండి కూతురు,
మార్త