మంద పెరిగింది, బీడు పెరగలేదు

శ్రావణం, గురువారం

కవల గొర్రెపిల్లల్లో రెండోది ఈ రోజు పోయింది. తల్లి దాన్ని పొదుగు దగ్గరికి రానివ్వలేదు. ఈ ఏడు వాన లేక బీడంతా ఎండింది. ఒక్క పిల్లకు చాలినన్ని పాలు కూడా లేవు దానికి.

మా బావ వచ్చి చూసి, "ఏమప్పా, రెండేండ్లు వానలు పడినాయని ఒక్క ఆడ గొర్రెపిల్లనూ అమ్మకపోతివి. మంద పెరిగె. బీడు పెరిగినాదా?" అన్నాడు. ఆడవాటిని అమ్మితే మంద కలిసిరాదని మా నాయన చెప్పిన మాట పట్టుకున్నాను.

ఎల్లుండి సంతకు సగం మందను తోలాలి, లేకుంటే ఏదీ మిగలదు. సాయంత్రం ఎర్రమట్టి తడిపి, అమ్మేవాటికి గుర్తు వేయడానికి దొడ్లోకి వెళ్ళాను. ఏవి అమ్మాలో నేను ఎంచలేదు. చేయి చాస్తే మేత అనుకుని ముందుగా వచ్చినవాటి వీపుల మీదే గుర్తులు పడ్డాయి.